వెనుక చక్రమునకు పట్టిన గొలుసు జిడ్డు - శుభ్రపరచు విధము

పూర్వము మన పల్లెలలో బండి కట్టుటకు ముందు ఇరుసునకు కందెన పెట్టెడివారు. నేడు ఆ శ్రద్ధ మోటారు సైకిలు గొలుసునకు అవసరమైనది. పాలక్యానులు, ఎరువుల బస్తాలు, బడికి పోవు పిల్లలు - అన్నియు ఈ వాహనము మీదనే సాగుచున్నవి. దాని వెనుక చక్రము నల్లని జిడ్డుతో నిండియుండుట మనము తరచుగా చూచుచున్నాము. అది కంటికి వికారమైన మురికి మాత్రమే యని తలపరాదు. దానిని తొలగించు రీతి తప్పినచో వ్రేళ్లు తెగుటయు, బ్రేకు పట్టకపోవుటయు, ఊరి నీరు చెడుటయు సంభవించును. కావున ఈ విషయమును పంచాయతీ సభ్యులు తాము తెలిసికొని, తమ గ్రామస్థులకు తెలుపవలెనని కోరుచున్నాము.

జిడ్డు ఎట్లు చేరును?

ఇంజను శక్తిని వెనుక చక్రమునకు అందించునది గొలుసు. నేడు వాడుకలో నున్న గొలుసు పద్ధతిని 1880లో ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున హాన్స్ రెనోల్డ్ రూపొందించెను. ఇందు ప్రతి లంకెకును చిన్న ఇనుప చీల, దానిపై తిరుగు గొట్టము ఉండును. కందెన చేరవలసిన తావు ఈ రెంటి నడుమ గల సందు. గొలుసు పైభాగమున పోసిన నూనె వలన ప్రయోజనము స్వల్పము. బండి వేగముగా పోవునపుడు ఆ నూనె విసరబడి చక్రపు అంచుపైనను, పుల్లలపైనను పడును. దానికి దారి దుమ్ము, అరిగిన ఇనుప రజను కలిసి నల్లని ముద్దయగును. గొలుసునకు పూర్తి మూత గల బండ్లలో ఈ బాధ తక్కువ.

ఇంజను నుండి తీసిన పాత నూనె ఊరక దొరకునని పలువురు దానినే గొలుసునకు పూయుచున్నారు. అందు మసియు, లోహపు రజనును ఉండుటచే అది గొలుసును కాపాడుటకు మారు అరగదీయును. చక్రముపై జిడ్డు అధికముగా నున్నచో, నూనె మితిమీరినదనియో, తగని నూనె వాడబడినదనియో గ్రహింపవలెను.

శుభ్రపరచు క్రమము

మొదట ఇంజను ఆపి, తాళపుచెవి తీసి జేబులో నుంచుకొనవలెను. బండిని నడిమి స్టాండుపై నిలిపి, గేరును న్యూట్రలులో నుంచవలెను. ఇంజను నడుచుచుండగా గొలుసునకు గుడ్డ పట్టుట మిక్కిలి ప్రమాదకరము. గుడ్డతోపాటు చేయి కూడ గొలుసునకును పండ్లచక్రమునకును నడుమ చిక్కుకొని, రెప్పపాటులో వ్రేళ్లు తెగును. చక్రమును చేతితో త్రిప్పునపుడును గుడ్డను గొలుసుపై నుంచరాదు. కొంత భాగము తుడిచి, చేయి తీసి, పిమ్మట చక్రమును త్రిప్పి తక్కిన భాగము తుడువవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

ముద్దగా నున్న జిడ్డును పుల్లతో గీకి కాగితముపైకి తీయవలెను. తరువాత గుడ్డను కొద్దిపాటి కిరసనాయిలుతో తడిపి, అంచును పుల్లలను తుడువవలెను. సందులకు పాత పండ్ల బ్రష్షు చాలును. పెట్రోలు వాడరాదు, దాని ఆవిరి చిన్న నిప్పురవ్వకే అంటుకొనును, గొలుసులోని రబ్బరు బిళ్లలను సైతము చెరచును. కిరసనాయిలు వాడునపుడును బీడీ, పొయ్యి దగ్గర నుండరాదు. జిడ్డు కరగిన పిదప సబ్బునీటితో కడిగి, మంచినీటితో తొలిపి, పొడిగుడ్డతో తుడువవలెను.

టైరుపై కిరసనాయిలు పడనీయరాదు. అది రబ్బరును మెత్తపరచును. టైరునకు సబ్బునీరే చాలును. బ్రేకు డ్రమ్ములోనికి గాని, బ్రేకు బిళ్లపైకి గాని నూనె పోకుండ చూడవలెను. నూనె త్రాగిన బ్రేకు షూలను మార్పించుటయే క్షేమము. పని ముగిసిన పిదప బండిని మెల్లగా నడిపి, బ్రేకు పట్టుచున్నదో లేదో పరీక్షించి గాని రోడ్డెక్కరాదు.

గొలుసు ఆరిన తరువాత 90 నంబరు గేరు ఆయిలునో, గొలుసులకై అమ్ము కందెననో గొలుసు లోపలి వైపున లంకెకొక చుక్క చొప్పున వేయవలెను. కొంతసేపు ఆగి, పైన మిగిలిన దానిని తుడిచివేసినచో చక్రముపై మరల జిడ్డు చేరుట చాలవరకు తగ్గును. బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన గడువునే పాటింపవలెను.

పంచాయతీ చేయదగిన పని

త్రాగునీరు, పారిశుద్ధ్యము 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులోని అంశములు. చెరువు గట్టున, బోరింగు దగ్గర బండ్లు కడుగుట మాన్పించుట ఈ బాధ్యతలో భాగమే. కడిగిన జిడ్డు నీటిపై పొరగా వ్యాపించి, గాలి నీటిలో కలియకుండ అడ్డగించును. చేపలకును పశువులకును అది హానికరము. ఊరి వెలుపల, నీటి వనరులకు దూరముగా, గచ్చుచేసిన తావు నొకదానిని ఇందుకై కేటాయింపవచ్చును.

వాడిన నూనె 2016 నాటి నిబంధనల ననుసరించి ప్రమాదకర వ్యర్థము. మరమ్మతు దుకాణములవారు దానిని మురుగు కాలువలో పోయక, మూతగల డబ్బాలో నిలువచేసి, అనుమతి పొందిన శుద్ధికర్తలకు చేర్చవలెను. జిడ్డు గుడ్డలను చెత్తతో కలిపి కాల్చరాదు. నిప్పు చేరని చోట, మూతగల రేకు డబ్బాలో నుంచవలెను.

ఈ సంగతులను గ్రామసభలో ఒకసారి చెప్పి, మరమ్మతు దుకాణము గోడపై నాలుగు వాక్యములుగా వ్రాయించినచో పంచాయతీకి అయ్యెడు ఖర్చు కొంచెమే. కాని దానివలన ఒక యువకుని వ్రేళ్లు నిలిచినను, ఒక చెరువు నీరు చెడక మిగిలినను, అది గ్రామమునకు గొప్ప లాభమని మా విశ్వాసము.