పొరుగు జట్టు గెలవాలని కోరుకోగలమా?

2024 సెప్టెంబరు. దక్షిణ ఆస్ట్రేలియా రాజధాని ఆడిలైడ్‌లో పోర్ట్ ఆడిలైడ్ జట్టు ఫైనల్స్ ఆడుతోంది. అదే ఊరిలోని రెండో జట్టు ఆడిలైడ్ క్రోస్ అప్పటికే ఇంటిదారి పట్టింది. ఏడాది తిరిగేసరికి అంతా తారుమారు. 2025లో క్రోస్ పట్టికలో మొదటి స్థానంతో ఫైనల్స్‌లో అడుగుపెడితే, పోర్ట్ అభిమానులకు చూడ్డం తప్ప పని లేకపోయింది. మన జట్టు లేదు. మన ఊరి జట్టు మాత్రం ఉంది. అవతల మెల్‌బోర్న్ జట్టు ఆడుతోంది. మరి ఎవరు గెలవాలని కోరుకోవాలి?

ఈ జట్లు ఆడే ఫుట్‌బాల్ మనం చూసే సాకర్ కాదు. కోలబంతితో, అండాకారపు మైదానంలో, జట్టుకు 18 మంది చొప్పున ఆడే ఆస్ట్రేలియన్ రూల్స్ ఆట. అక్కడివాళ్లు దీన్ని ఫుటీ అంటారు. జాతీయ లీగ్ పేరు ఏఎఫ్‌ఎల్. శీతాకాలమంతా లీగ్ మ్యాచ్‌లు జరిగి, పట్టికలో పైన నిలిచిన జట్లు సెప్టెంబరులో ఫైనల్స్ ఆడతాయి. ఆఖరి మ్యాచ్, అంటే గ్రాండ్ ఫైనల్, లక్ష మంది పట్టే మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో. లీగ్‌లోని 18 క్లబ్బుల్లో పది విక్టోరియా రాష్ట్రానివే. దక్షిణ ఆస్ట్రేలియాకు ఉన్నవి రెండే రెండు.

ఇంత తక్కువ వాటా ఉన్న రాష్ట్రంలో, తన జట్టు పోయాక రెండోదాని వెంట నిలబడడమే సహజమని బయటివాళ్లకు అనిపిస్తుంది. కొందరు అలాగే నిలబడతారు కూడా. కానీ గట్టి పోర్ట్ అభిమానిని క్రోస్ గెలవాలని కోరుకోమని అడిగి చూడండి. ముఖంలో రంగు మారుతుంది. ఆ రంగు మారడం వెనక ఉన్న మనస్తత్వాన్ని యాభై ఏళ్లకు పైగా శాస్త్రవేత్తలు తవ్వుతూనే ఉన్నారు. వాళ్లకు దొరికినదాన్ని బట్టి చూస్తే, ఆ అభిమానిని సంకుచితుడని తేల్చెయ్యడం తొందరపాటే.

మొదటి సంగతి, వైరం దూరపువాళ్లతో పెరగదు. అమెరికాలో గావిన్ కిల్డఫ్, ఆయన సహచరులు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్లను పరిశీలించి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏ జట్టుకు ఏ జట్టు మీద పంతం ఎక్కువో లెక్కగట్టి చూస్తే మూడు కారణాలు తేలాయి. రెండూ దగ్గర దగ్గర ఊళ్లవి కావడం, స్థాయిలో ఒకదానికొకటి సరితూగడం, ఏళ్ల తరబడి హోరాహోరీగా తలపడి ఉండడం. ఆడిలైడ్ జట్లకు మూడూ ఉన్నాయి. 2014 నుంచి రెండింటికీ సొంత మైదానం ఒకటే, ఆడిలైడ్ ఓవల్. రెండూ ఎదురుపడే మ్యాచ్‌ను షోడౌన్ అంటారు. 1997లో మొదలైన ఈ షోడౌన్‌లలో గెలుపోటముల లెక్క దాదాపు సరిసమానంగానే నడుస్తూ వచ్చింది. మన పల్లెల్లో ఒకే వీధిలో ఇద్దరు హీరోల అభిమాన సంఘాలు ఉన్నప్పటి వేడి ఎలాంటిదో తెలిసినవాళ్లకు ఈ సంగతి విడమర్చి చెప్పనక్కర్లేదు.

అయితే దగ్గరతనం వైరాన్ని పెంచుతుంది కానీ, మన జట్టు బరిలోనే లేనప్పుడు కూడా ఎదుటివాళ్లు ఓడిపోవాలని ఎందుకు అనిపించాలి? క్రోస్ కప్పు గెలిస్తే పోర్ట్ పాయింట్లేమీ తగ్గవు కదా.

ఈ ప్రశ్నకు జవాబును హెన్రీ టాజ్‌ఫెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చాలా విచిత్రమైన దారిలో పట్టుకున్నాడు. ఆయన పోలండ్‌లో పుట్టిన యూదుడు. రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీగా ఉండి ప్రాణాలతో బయటపడ్డాడు, కానీ తిరిగి వచ్చేసరికి కుటుంబంలో దాదాపు ఎవరూ మిగల్లేదు. మనుషులు మనవాళ్లు, పరాయివాళ్లు అని ఎలా విడిపోతారన్నది ఆయనకు పుస్తకాల్లో ఎదురైన ప్రశ్న కాదు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఆయన 14, 15 ఏళ్ల బడిపిల్లలకు క్లే, కాండిన్‌స్కీ అనే ఇద్దరు చిత్రకారుల బొమ్మలు చూపించి, ఇష్టాయిష్టాలను బట్టి రెండు గుంపులు చేసినట్టు నమ్మించాడు. నిజానికి ఎవరిని ఎందులో వెయ్యాలన్నది యాదృచ్ఛికంగానే జరిగింది. తర్వాత ఒక్కొక్కరిని విడిగా కూర్చోబెట్టి, మిగతావాళ్లకు డబ్బుగా మారే పాయింట్లు పంచమన్నాడు. పిల్లలు తమ గుంపు వైపు మొగ్గారు. అసలు విశేషం అది కాదు. తమ గుంపుకు ఎక్కువ వచ్చే మార్గం ఎదురుగా ఉన్నా, దాన్ని వదిలి రెండు గుంపుల మధ్య తేడా పెరిగే మార్గాన్ని చాలాసార్లు ఎంచుకున్నారు. మనకు కాస్త తగ్గినా ఫరవాలేదు, వాళ్లకన్నా పైన ఉండాలి. 1971లో వచ్చిన ఈ ఫలితాల మీదే ఆ తర్వాత టాజ్‌ఫెల్, జాన్ టర్నర్ కలిసి సామాజిక అస్తిత్వ సిద్ధాంతాన్ని నిర్మించారు.

దీన్ని ఆడిలైడ్‌కు తెచ్చి చూడండి. క్రోస్ కప్పు గెలిస్తే పోర్ట్ పాయింట్లు తగ్గవు, నిజమే. తేడా మాత్రం పెరుగుతుంది. సోమవారం ఆఫీసులో, బడిలో, పబ్బులో ఆ తేడాతోనే బతకాలి.

ఈ తేడా మెదడులో కూడా కనిపించింది. మీనా చికారా, ఆమె సహచరులు 2011లో ప్రచురించిన ప్రయోగంలో న్యూయార్క్ యాంకీస్, బోస్టన్ రెడ్ సాక్స్ బేస్‌బాల్ అభిమానులను ఎఫ్‌ఎంఆర్‌ఐ యంత్రంలో పడుకోబెట్టి ఆటల దృశ్యాలు చూపించారు. తమ జట్టు నెగ్గినప్పుడు మెదడు లోపల వెంట్రల్ స్ట్రయేటమ్ అనే భాగం చురుకైంది. బహుమతి దొరికినప్పుడు పనిచేసే చోటు అది. ప్రత్యర్థి జట్టు తమ చేతిలో దెబ్బతిన్నప్పుడే కాదు, బాల్టిమోర్ ఓరియోల్స్ అనే మూడో జట్టు చేతిలో దెబ్బతిన్నప్పుడు కూడా అదే భాగం స్పందించింది. ఫైనల్స్ చూస్తూ కూర్చున్న పోర్ట్ అభిమాని స్థితి సరిగ్గా ఇదే. క్రోస్‌ను మెల్‌బోర్న్ నుంచి వచ్చిన ఏ కాలింగ్‌వుడ్డో, ఏ హాథోర్నో ఓడిస్తే అతనికి దక్కేదేమీ లేదని మనం అనుకుంటాం. అతని మెదడు అలా అనుకోదు.

సొంత ఓటమి తాజాగా ఉంటే ఈ సంతోషం ఇంకా ముదురుతుంది. 1998 సాకర్ ప్రపంచకప్ క్వార్టర్ ఫైనల్లో జర్మనీ 3-0తో క్రొయేషియా చేతిలో ఓడింది. పొరుగునే ఉన్న నెదర్లాండ్స్ విద్యార్థులు ఆ వార్తకు ఎలా స్పందించారో కొలిన్ లీచ్, రసెల్ స్పియర్స్ బృందం పరిశీలించింది. ఆటలో తమ దేశం తక్కువైపోతోందన్న బాధ ఎంత ఎక్కువగా ఉంటే, జర్మనీ ఓటమిలో ఆనందం అంత ఎక్కువ కనిపించింది. అంటే ఫైనల్స్ చేరని జట్టు అభిమానిని ఆ వారంలోనే పొరుగు జట్టుకు జై కొట్టమనడం, గాయం పచ్చిగా ఉన్నప్పుడే దాన్ని తట్టడమన్నమాట.

ఇక్కడిదాకా చదివితే మనిషి మనసు మీద ఆశ వదులుకోవాలనిపిస్తుంది. కానీ మనవాళ్లు అన్న గీత ఒకేచోట పాతుకుపోయి ఉండదు. దీన్ని నాకు తెలిసినంతలో అందరికన్నా అందంగా చూపించింది ఇంగ్లండ్‌లోని లాంకస్టర్ విశ్వవిద్యాలయంలో మార్క్ లెవీన్ బృందం. వాళ్లు మాంచెస్టర్ యునైటెడ్ అనే సాకర్ జట్టు అభిమానులైన విద్యార్థులను పిలిచి, ఆ జట్టు మీద ఇష్టం గురించి ఏవో ప్రశ్నలు రాయించి, మరో భవనానికి నడిచి వెళ్లమన్నారు. దారిలో ఒక కుర్రాడు పరుగెత్తుతూ జారిపడి, చీలమండ పట్టుకుని మూలుగుతాడు. అతనూ ప్రయోగంలో భాగమేనని వీళ్లకు తెలియదు. అతని ఒంటి మీద మాంచెస్టర్ చొక్కా ఉంటే దాదాపు అందరూ ఆగి సాయం చేశారు. ప్రత్యర్థి జట్టు లివర్‌పూల్ చొక్కా ఉంటే మూడోవంతు మంది కూడా ఆగలేదు. ఏ జట్టుదీ కాని మామూలు చొక్కా వేసుకున్నవాడి గతీ అంతే.

తర్వాత ప్రయోగంలో ఒక్కటే మార్చారు. యునైటెడ్ గురించి కాకుండా, ఫుట్‌బాల్ అభిమాని కావడంలో ఉన్న ఆనందం గురించి రాయించారు. వచ్చినవాళ్లు ఈసారీ యునైటెడ్ అభిమానులే, పడడమూ అలాగే. ఈసారి లివర్‌పూల్ చొక్కావాడి కోసం కూడా పదిమందిలో ఏడుగురు ఆగారు. మామూలు చొక్కావాడిని మాత్రం ఇప్పుడు కూడా ఎక్కువమంది దాటుకుంటూ పోయారు. 2005లో వచ్చిన ఈ పరిశోధనలో పాల్గొన్నవాళ్లు కొద్దిమందే, కాబట్టి అంకెలను మరీ బిగించి పట్టుకోకూడదు. కానీ కొన్ని నిమిషాల రాతతో శత్రువు మనవాడైపోవడం, ఆ కొత్త గీతకు అవతల ఇంకొకడు మిగిలిపోవడం, ఈ రెండూ మర్చిపోలేనివి.

మరి ఆడిలైడ్‌లో గీతను రాష్ట్రం దాకా చాపితే చాలు కదా? అందరం దక్షిణ ఆస్ట్రేలియన్లమే. 1980ల్లో రాష్ట్రాల మధ్య జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ మ్యాచ్‌లలో విక్టోరియాను ఓడించాలని ఊరంతా ఒక్కటైన రోజులు పెద్దవాళ్లకు బాగా గుర్తు. ఆ గీత ఇప్పుడు ఎందుకు పనిచెయ్యదు?

చరిత్రలోకి కాస్త వెళ్లాలి. పోర్ట్ ఆడిలైడ్ 1870లో పుట్టిన క్లబ్బు. ఓడరేవు కూలీల పేట జట్టు, రాష్ట్ర లీగ్‌లో కప్పుల మీద కప్పులు గెలిచింది. 1990లో ఆ క్లబ్బు రాష్ట్ర లీగ్‌ను వదిలి ఏఎఫ్‌ఎల్‌లో చేరడానికి గుట్టుగా మంతనాలు జరిపింది. విషయం బయటపడగానే మిగతా క్లబ్బులు భగ్గుమన్నాయి, వ్యవహారం కోర్టుకెక్కింది. రాష్ట్ర లీగ్ హడావుడిగా తన తరఫున ఒక ఉమ్మడి జట్టును ప్రతిపాదించి, ఆ అవకాశాన్ని చేజిక్కించుకుంది. అదే ఆడిలైడ్ క్రోస్. 1991లో బరిలోకి దిగింది. రాష్ట్ర ప్రజలకు పాతకాలం నుంచీ ఉన్న మారుపేరులోంచే జట్టు పేరు వచ్చింది, రాష్ట్ర జట్టు రంగులే చొక్కాకెక్కాయి. పోర్ట్‌కు తలుపు తెరుచుకునేసరికి 1997 అయింది. కాలింగ్‌వుడ్‌కు ముందే ఉన్నాయి కాబట్టి తన పాత మారుపేరునూ, నలుపు తెలుపు చారలనూ అక్కడికి తీసుకెళ్లలేకపోయింది. అదే ఏడాది క్రోస్ తన మొదటి కప్పు గెలిచింది.

ఇప్పుడు ఒక పోర్ట్ అభిమాని చెవితో వినండి. రాష్ట్రం కోసం క్రోస్‌కు జై కొట్టు అన్న మాట అతనికి, రాష్ట్రమంటే క్రోసే, నువ్వు అందులో ఒక మూల అని వినిపిస్తుంది. క్రోస్ అభిమాని వైపు నుంచి చూస్తే, అందరినీ కాదని ఒంటరిగా వెళ్లిపోవాలనుకున్నది పోర్టే.

దీనికి సిద్ధాంతం కూడా ఉంది. జర్మనీలో అమేలీ ముమ్మెండై, మైఖేల్ వెంజెల్ 1999లో దాన్ని ప్రతిపాదించారు. రెండు గుంపులను ఒక పెద్ద గొడుగు కిందికి తెస్తే స్నేహం పెరుగుతుందని ఖాయంగా చెప్పలేమని వాళ్లన్నారు. ఎందుకంటే ప్రతి గుంపూ ఆ పెద్ద గుంపుకు అసలైన నమూనా తానేనని అనుకుంటుంది, అవతలివాళ్లు ఆ నమూనాకు సరిపోని లోటు మనుషుల్లా కనిపిస్తారు. జర్మన్లను యూరపియన్లుగా ఆలోచించమన్నప్పుడు తామే ఎక్కువ యూరపియన్లమన్న భావన కనిపించింది. యూరప్‌లోని వైవిధ్యాన్ని తలుచుకోమన్నాక ఆ భావన తగ్గి, పోలండ్ వాళ్ల మీద వైఖరి మెత్తబడింది. వెంజెల్ తర్వాతి కాలంలో ఆడిలైడ్‌లోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయానికే వచ్చి ప్రొఫెసర్‌గా పనిచేయడం నాకు ముచ్చటగా అనిపించే సంగతి. ఆయన సిద్ధాంతానికి ఇంతకన్నా మంచి ఊరు దొరకదు.

ఈ పాత లెక్కలేవీ లేనివాళ్లకు గీత దాటడం సులువు. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 60 వేలకు దగ్గరగా ఉన్నారు. ఆడిలైడ్‌లో కొత్తగా కాపురం పెట్టిన తెలుగు కుటుంబానికి 1990 గొడవ తాతల ఆస్తి తగాదా కాదు. ఈ వారం పోర్ట్‌కు, వచ్చే వారం క్రోస్‌కు చప్పట్లు కొట్టగలరు. పిల్లలు అక్కడి బడిలో పడి ఒక కండువా మెడలో వేసుకునేదాకా.

అమెరికా పరిశోధకుడు కోడీ హవార్డ్, ఆయన సహచరులు 2013లో అభిమానుల వైరాన్ని కొలిచే ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో ఒక విభాగం పూర్తిగా మన ప్రశ్న మీదే: నీ ప్రత్యర్థి ఇంకో జట్టుతో ఆడుతున్నప్పుడు గెలవాలని కోరుకుంటావా? ప్రత్యర్థి అభిమానుల ప్రవర్తన మీద అభిప్రాయం, వాళ్లను ఓడించినప్పటి తృప్తి వేరే విభాగాలు. ఇలా విడదీయడం నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. పొరుగు జట్టు గెలుపు కోరుకోకపోవడం వేరు, ఆ జట్టు మనుషులను చిన్నచూపు చూడడం వేరు. చికారా ప్రయోగంలో ప్రత్యర్థి ఓటమికి మెదడులో ఎక్కువ సంతోషం కనబడినవాళ్లే, ఎదుటి అభిమాని మీద దురుసుగా ప్రవర్తించే అవకాశం ఎక్కువని తమ గురించి తాము చెప్పుకున్నారు. జాగ్రత్తగా చూసుకోవలసిన చోటు అక్కడుంది, జై కొట్టడం దగ్గర కాదు.

ఈ తేడా ఆడిలైడ్‌లోనే ఒకసారి కనబడింది: 2015 జులైలో క్రోస్ కోచ్ ఫిల్ వాల్ష్ హత్యకు గురయ్యాడు. అంతకుముందు ఆయన ఏళ్లపాటు పోర్ట్‌లో సహాయ కోచ్. ఆ వారాంతం లీగ్‌లో ప్రతి మ్యాచ్ తర్వాతా అందులో ఆడిన రెండు జట్ల ఆటగాళ్లూ చేతులు కలిపి వలయంగా నిలబడ్డారు. ఆ నెలలోనే జరిగిన షోడౌన్‌లో క్రోస్ మూడు పాయింట్ల తేడాతో గెలిచింది. దుఃఖం ఇద్దరిదీ, కానీ పోర్ట్ ఆఖరి నిమిషం దాకా గెలవడానికే ఆడింది. ఎవరూ ఎవరి కోసమూ తగ్గలేదు.

మన కోల్‌కతాలో 2024 ఆగస్టులో ఇంకో రకంగా జరిగింది. ఆర్జీ కర్ ఆసుపత్రిలో వైద్యురాలి హత్యాచారం మీద ఆందోళనలు సాగుతుండగా, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ సాకర్ క్లబ్బుల మధ్య డ్యూరాండ్ కప్ మ్యాచ్‌ను భద్రత కారణంగా రద్దు చేశారు. శతాబ్దపు వైరం ఉన్న రెండు క్లబ్బుల అభిమానులు ఆగస్టు 18న సాల్ట్ లేక్ స్టేడియం బయట ఒక్కటై న్యాయం కావాలని నినదించారు. మరో క్లబ్బు మొహమ్మడన్ స్పోర్టింగ్ అభిమానులూ వచ్చారు, పోలీసుల లాఠీలు అందరి మీదా పడ్డాయి. అక్కడ గీతను పెద్దది చేసిన విషయం ఏ ఒక్క క్లబ్బు సొంతమూ కాదు. అందులో అసలు నమూనా ఎవరన్న పోటీకి తావే లేదు. ఎవరూ తమ జెర్సీ విప్పలేదు, ఎదుటివాళ్లను విప్పమని అడగలేదు కూడా.