పిల్లల్ని ఎత్తుకెళ్లేదెవరు?

అత్తిలి షష్ఠి తిరునాళ్లలో హిజ్రా ఎదురైతే చంటిపిల్లని చేతికిచ్చి దీవెన పెట్టించుకుంటాం. ఆమె ఇచ్చిన రూపాయి బిళ్లని కలిసొస్తుందని బీరువాలో దాచుకుంటాం. ఇంటికొచ్చి వాట్సాప్ తెరిచేసరికి అదే మనిషి పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలో చేరిపోయి ఉంటుంది. 'మన ఏరియాలోనే తిరుగుతున్నారు, పదిమందికీ పంపండి' అని ఉంటే చాలు, పంపేస్తాం. ఏ ఊరు, ఏ తేదీ, ఏ పోలీస్ స్టేషను అని అడిగిన పాపాన పోం.

ఆ పంపడం ఎక్కడిదాకా వెళ్లిందో 2018 మే నెలాఖరులో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో చూశాం. రాత్రిపూట దానం అడుక్కుంటున్న ట్రాన్స్ మహిళల్ని పిల్లల దొంగలనుకుని జనం చుట్టుముట్టారు. రాళ్లతో కొట్టారు. పోలీసులు వచ్చినా గుంపు ఆగలేదు. ఒకరి ప్రాణం పోయింది. ఆ ఏడాది దేశమంతా తిరిగిన 'కిడ్నాప్ వీడియో' కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన ప్రచార చిత్రం. చివర్లో ఉన్న సందేశాన్ని కత్తిరించేసి మనవాళ్లు దాన్ని సాక్ష్యం చేసేశారు.

ఈ పుకారు వాట్సాప్‌తో పుట్టిందేమీ కాదు. 1871లో తెల్లదొరలు చేసిన నేరస్థ తెగల చట్టంలోనే ఉంది: పిల్లల్ని ఎత్తుకెళ్తారని 'అనుమానం' ఉన్న హిజ్రాల పేర్లు రిజిస్టరులో రాయాలని. నిజాం సర్కారు 1919లో దాన్నే చూసి ఫస్లీ 1329 చట్టం చేసింది. హిజ్రాలు ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చని అందులో ఉండేది. చాంద్రాయణగుట్టలో ఆ ప్రాణం పోయిన రోజుకీ ఆ చట్టం పుస్తకాల్లో బతికే ఉంది! ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి కోర్టుకెళ్తే 2023 జులైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. నూరేళ్లపాటు చట్టమే పుకారు మోస్తే జనం మోయరా?

'మరి హిజ్రాల దగ్గర పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లు ఎందుకుంటారు?' అంటారు. ఉంటారు, నిజమే. ఎనిమిదో తరగతిలో నడక కాస్త వేరుగా ఉందని 'ఆడంగి', 'పాయింట్ ఫైవ్' అని పిలిచిందెవరు? బాత్రూములో బట్టలు లాగిందెవరు? ఫిర్యాదు చేస్తే 'నువ్వు మగాడిలా నడువు' అన్న మాస్టారు ఏ ముఠా మనిషి? ఇంట్లో నాన్న బెల్టు తీస్తే పిల్లాడు నిడదవోలు వైపో, బెజవాడ వైపో రైలెక్కుతాడు. అన్నం పెట్టిన హిజ్రా గురువు దగ్గర ఆగిపోతాడు. 2011 జనగణనలో ఆడా మగా కాక 'ఇతరులు'గా నమోదైనవారిలో చదవను రాయను వచ్చినవారు 56 శాతమే. దేశ సగటు 73. ఆ తేడా అంతా ఎత్తుకెళ్లినవాళ్లదేనా?

పుస్తకాల్లో ఈ సంగతులు పెడితే పిల్లలు చెడిపోతారనేది దీనికి తోడబుట్టిన భయం. ట్రాన్స్‌జెండర్ పిల్లలతో ఎలా మెలగాలో చెబుతూ ఎన్‌సీఈఆర్‌టీ 2021లో ఉపాధ్యాయుల కోసం ఓ కరదీపిక తెచ్చింది. గోల లేచింది, కొద్ది రోజుల్లోనే వెబ్‌సైటు నుంచి తీసేశారు. పాఠం చదివి మనుషులు మారిపోయేటట్టయితే, మనమంతా ఈపాటికి హరిశ్చంద్రులం అయిపోవాలి.

ట్రాన్స్ మనుషుల మీదా, స్వలింగ ఆకర్షణ మీదా ఉన్న మిగతా అపోహలు గబగబా. రోగమా? ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణని 1990లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. మారుస్తామని 'వైద్యం' చేయడం వృత్తి దోషమని జాతీయ వైద్య కమిషన్ 2022లో తేల్చింది. నేరమా? ఇష్టపడిన పెద్దల మధ్య స్వలింగ సంబంధం 2018 సెప్టెంబరు 6 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచి నేరం కాదు. విదేశీ దిగుమతా? వానలు పడకపోతే విరాటపర్వం చదివించే ఊళ్లలో బృహన్నల ఎవరో కొత్తగా చెప్పాలా? పెళ్లి చేస్తే కుదురుకుంటాడా? కుదురుకోడు, ఇంకో ఇంటి ఆడపిల్ల బతుకు కూడా పాడవుతుంది.

రైళ్లలో, షాపుల దగ్గర దబాయించి డబ్బులు గుంజుతారనేది మాత్రం పూర్తిగా అబద్ధం అనలేను. కొందరు చేస్తారు, తాడేపల్లిగూడెం ప్లాట్‌ఫాం మీద ఎవరినడిగినా చెబుతారు. రైల్లో అయితే 139కి ఫోన్ చేయండి, ఆ మనిషి మీద ఫిర్యాదు ఇవ్వండి. మొత్తం జాతిని తిట్టి ఊరుకోకండి. అద్దెకి ఇల్లివ్వం, పనివ్వం, ఆపైన ఎందుకు అడుక్కుంటున్నారని అడుగుతాం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే 4,000 రూపాయల పింఛనుతో నెలంతా గడవదు.

పిల్లల దొంగల మెసేజ్ వస్తే గ్రూపులో పడేయకుండా 112కి చెప్పండి. బళ్లో మాస్టార్లకి ఒక మాట: ఆ పిల్లాడికి విడిగా బాత్రూము తాళంచెవి ఇచ్చి, పేరు పెట్టి పిలిస్తే సగం వేధింపు అక్కడే ఆగుతుంది. ఇక తల్లిదండ్రులకి. కోర్టు ఆదేశిస్తే తప్ప, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో పిల్లల్ని కన్నవాళ్ల నుంచి వేరు చేయకూడదని 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ఇంట్లోంచి వెళ్లగొడితే 18వ సెక్షన్ కింద ఆర్నెల్ల నుంచి రెండేళ్ల దాకా జైలు. అది కన్నతండ్రికైనా వర్తిస్తుంది.