గాజునేతతో కారు బాడీ

సిరిసిల్లలో పడుగుపేకల పని ఎరిగిన శ్రోతలకు ఫైబర్‌గ్లాసును గూర్చి చెప్పుట మాకు సులభము. గాజును సన్నని దారములుగా తీసి, గుడ్డగా నేసి, రెసిన్ అను జిగురుతో తడిపి అచ్చులో గట్టిపడనిచ్చిన అది పెంకువలె తయారగును. 1953లో అమెరికాలో వెలువడిన షెవ్రొలె కార్వెట్‌కును, 1980ల నాటి మన బెంగళూరు సిపానీ డాల్ఫిన్‌కును బాడీ ఇట్టిదే.

విడిభాగములు తెచ్చి ఇంటివద్ద కూర్చుకొను కిట్ కార్లకును ఇదియే వాడుదురు. (అట్టి బండి రోడ్డెక్కుటకు రవాణాశాఖ అనుమతి వేరుగా కావలెను, పని మొదలిడక మునుపే విచారించుట మేలు.) అచ్చునుండి వచ్చిన బాడీకి అంచులు హెచ్చుగా ఉండును. జగిత్యాల, కోరుట్లలలో వడ్రంగి దర్వాజాకు తలుపు అమర్చు తీరు చూడుడు: ఎత్తి చూచి, రాసుకొనుచోట గుర్తుపెట్టి, దించి, కొంచెము చిత్రికపట్టి, మరల ఎత్తును. ఇక్కడను అంతే. ఎక్కువ కోసినచో అతుకు వేయవచ్చును గాని, ఆ శ్రమ పగవానికి వద్దు.

బాడీ ఛాసిస్‌పై తనంత తానే కూర్చుండవలెను. సందున్నచోట బోల్టు బిగించి లాగరాదు. రేకు వంగి ఊరకుండును; గాజునేత పగులును. ఆ పగుళ్లు ఒక్కొక్కప్పుడు నెలల పిమ్మట రంగుపై గీతలుగా బయటపడును. సందులో రబ్బరుముక్క ఉంచి, బోల్టు క్రింద వెడల్పు వాషరు వేయుడు. తలుపులు తగిలించి, మూసి చూచిన తరువాతనే కడపటి బిగింపు.

కోతలో లేచు ధూళి మగ్గపు నూలుపొడి వంటిది కాదు. గాజునలుసులు చర్మమును, కండ్లను, గొంతును బాధించును. ముఖమునకు కట్టిన రుమాలు చాలదు; ధూళినాపు రెస్పిరేటరు, కళ్లద్దములు, చేతితొడుగులు ఉండవలెను. పిల్లలను ఆ ఛాయలకు రానీయరాదు.