ఒకే రా ఫైలు, రెండు రూపాలు

నెల్లికుదురు నుంచి రామప్ప గుడికి వెళ్లి, మీరొక మదనిక శిల్పాన్ని రా ఫైలుగా తీశారనుకుందాం. శిల్పం నల్లరాయి, గుడి గోడలు ఎర్ర ఇసుకరాయి. చెక్కడం కనబడాలని వెలుగు పెంచితే గోడల ఎరుపు వెలిసిపోతుంది. కాబట్టి ఒకే ఫొటోకు రెండు రూపాలు అవసరం.

ఉచితంగా లభించే డార్క్‌టేబుల్‌లో 'డూప్లికేట్' నొక్కితే రా ఫైలు మరోసారి కాపీ కాదు, చెక్కుచెదరదు కూడా. మీరు చేసిన మార్పుల వివరాలు మాత్రమే మరొక చిన్న ఎక్స్‌ఎంపీ ఫైలుగా దాని పక్కన చేరతాయి. ఒక్కో రూపానికి పేరు పెట్టండి. నెల గడిస్తే ఏది దేనికో నాకే గుర్తుండదు.

నష్టం జరిగేది పెన్‌డ్రైవ్ దగ్గర. నేనొకసారి రా ఫైళ్లు మాత్రమే భద్రపరచి, కంప్యూటర్ చెడిపోయాక రూపాలన్నీ పోగొట్టుకున్నాను. ఎక్స్‌ఎంపీ ఫైళ్లను కూడా వాటితోపాటే కాపీ చేయండి. ఇతరులకు పంపేటప్పుడు ఏ రూపానికి ఆ రూపాన్ని జేపెగ్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి.