లెక్కలో పడని గంటలు

సాఫ్ట్‌వేర్ కొలువుకు పనిగంటల చట్టం వర్తించదన్న నమ్మకం తెలుగునాట బలంగా పాతుకుపోయింది. ఉద్యోగులూ అలాగే అనుకుంటారు, ఇంట్లో పెద్దవాళ్లూ అలాగే సర్దిచెబుతారు. ఆ నమ్మకం తప్పు. హైదరాబాద్‌లోని మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసులు ‘దుకాణాలు, సంస్థల చట్టం’ పరిధిలోకి వస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లో చేసిన ఈ చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని పనికి హద్దు పెట్టింది. హద్దు దాటితే మామూలు వేతనానికి రెట్టింపు లెక్కన ఓవర్‌టైమ్ ఇవ్వాలంది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ కూడా ఇదే చట్టాన్ని తనదిగా చేసుకుంది.

ఐటీ కంపెనీలకు ఈ చట్టంలోని కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపు ఇస్తూ వచ్చిన మాట నిజమే. ఆఫీసు తెరిచే వేళలు, రోజువారీ పనిగంటలు, మహిళల రాత్రి పని, సెలవు దినాలు, ఉద్యోగం నుంచి తొలగించే పద్ధతి వంటి వాటిలో సడలింపు దొరికింది. 2020లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని మరో నాలుగేళ్లు పొడిగించింది. అయితే ఆ మినహాయింపుకు షరతులు పెట్టింది. వారానికి పని 48 గంటలే ఉండాలి, అంతకు మించి చేయిస్తే ఓవర్‌టైమ్ వేతనం ఇవ్వాలి, వారపు సెలవు ఇవ్వాలి, రాత్రి షిఫ్టు మహిళలకు రక్షణ ఏర్పాట్లు చేయాలి. మినహాయింపు సంగతి ఆఫీసుల్లో అందరికీ తెలుసు. దాని కిందే రాసి ఉన్న షరతుల సంగతి తెలిసినవారు తక్కువ. 2025 జులైలో తెలంగాణ వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చినప్పుడు కూడా వారపు పరిమితి 48 గంటలుగానే ఉంది. ఆపైన చేసే పనికి ఓవర్‌టైమ్ ఇవ్వాలని, అది మూడు నెలల్లో 144 గంటలు దాటకూడదని ఆ ఉత్తర్వే చెబుతోంది.

చట్టం ఇంత స్పష్టంగా ఉంటే, అర్ధరాత్రి దాకా లాప్‌టాప్ ముందు కూర్చునే మనిషికి ఓవర్‌టైమ్ ఎందుకు రాదు? ఆ గంట ఎక్కడా నమోదు కాదు కాబట్టి.

సాఫ్ట్‌వేర్ సేవల వ్యాపారం ప్రధానంగా రెండు రకాల ఒప్పందాల మీద నడుస్తుంది. మొదటి రకంలో క్లయింటు గంటకు ఇంత అని చెల్లిస్తాడు. మనిషికి రోజుకు ఎనిమిది గంటలకే బిల్లు వేయాలని ముందే ఒప్పుకుని ఉంటే, తొమ్మిదో గంటకు డబ్బు రాదు. డబ్బు రాని గంటను టైమ్‌షీట్‌లో వేయవద్దని టీమ్ లీడ్ చెబుతాడు. పదమూడు గంటలు పనిచేసిన రోజున కూడా టైమ్‌షీట్‌లో ఎనిమిదే కనిపిస్తాయి. రెండో రకంలో ప్రాజెక్టు మొత్తానికి ఒకే ధర ఉంటుంది. మన ఊళ్లలో దీన్ని గుత్త పని అంటారు. ఇల్లు గుత్తకు తీసుకున్న మేస్త్రి అంచనా తప్పితే అదనపు కూలి తన జేబులోంచి ఇస్తాడు. సాఫ్ట్‌వేర్ గుత్తలో అంచనా తప్పితే ఆ నష్టం జట్టులోని వాళ్ల సాయంత్రాల్లోంచి, శనివారాల్లోంచి భర్తీ అవుతుంది. పోటీలో కాంట్రాక్టు దక్కించుకోవడానికి అమ్మకాల విభాగం ఆరు నెలల పనిని నాలుగు నెలలకు ఒప్పుకుంటుంది. మిగిలిన రెండు నెలలను ఎవరు భరించాలో ఏ కాగితంలోనూ ఉండదు.

ఆలస్యమైన ప్రాజెక్టులో కొత్తవాళ్లను చేర్చుకోవచ్చు కదా అనిపించవచ్చు. ఐబీఎంలో ఓఎస్/360 ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ ఈ ప్రశ్నకు 1975లోనే ‘ది మిథికల్ మ్యాన్-మంత్’ పుస్తకంలో జవాబు ఇచ్చాడు. వెనకబడిన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో మనుషుల్ని పెంచితే అది ఇంకా వెనకబడుతుంది. వచ్చినవాళ్లకు పని నేర్పాల్సింది పాతవాళ్లే, మాట్లాడుకోవాల్సిన మనుషుల జంటలు పెరిగిపోతాయి. అందుకే మేనేజర్లు మనుషుల్ని పెంచకుండా రోజును పొడిగిస్తారు. అలసిన కళ్లతో రాసిన కోడ్‌లో తప్పులు దొర్లుతాయి, వాటిని పట్టుకుని సరిచేయడానికి మళ్లీ గంటలు కావాలి. ఒక రిలీజ్ గట్టెక్కేలోగా తర్వాతి రిలీజ్ తేదీ ముంచుకొస్తుంది.

దీనికి తోడు గడియారాల తేడా ఒకటి. న్యూయార్క్ కంటే హైదరాబాద్ తొమ్మిదిన్నర నుంచి పదిన్నర గంటలు ముందుంటుంది, శాన్‌ఫ్రాన్సిస్కో కంటే పన్నెండున్నర నుంచి పదమూడున్నర గంటలు. అక్కడ ఆఫీసు తెరిచే వేళకు ఇక్కడ రాత్రి భోజనాల వేళ. ఉదయం పదింటికి ఆఫీసుకు వచ్చినవాళ్లు రాత్రి పది గంటల కాల్‌లో కూడా ఉంటారు. ఆ కాల్ పనిగంటల కింద జమ కాదు, రాత్రి షిఫ్టు భత్యం కిందికీ రాదు. ఏ వేళలో పిలిచినా స్పందించాల్సిన ఆన్‌కాల్ వారంలో ఫోన్ దిండు పక్కన పెట్టుకుని పడుకునే మనిషికి నిద్ర ఎన్నిసార్లు చెడిందో ఏ యాప్‌లోనూ నమోదు కాదు.

ఈ నష్టాన్ని రూపాయల్లో చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. నెలకు 30,000 రూపాయలు తీసుకునే ఫ్రెషర్‌ను తీసుకుందాం. వారానికి 48 గంటల చొప్పున నెలకు 208 గంటలు, అంటే గంటకు సుమారు 144 రూపాయలు. ఆ మనిషి వారానికి 60 గంటలు పనిచేస్తే నెలకు 52 గంటలు అదనం. రెట్టింపు లెక్కన వాటి విలువ 15,000 రూపాయలు. ప్రతి నెలా సగం జీతం అంత సొమ్ము అడగకుండానే పోతోంది. పెద్ద సేవల కంపెనీల్లో ఫ్రెషర్ల ప్రారంభ జీతం పదేళ్లకు పైగా ఏడాదికి మూడు నాలుగు లక్షల దగ్గరే ఆగిపోయింది. ఊళ్లో అప్పుచేసి ఇంజనీరింగ్ చదివించిన కుటుంబానికి నెలకు 15,000 చిన్న మొత్తం కాదు.

మరి ఎందుకు అడగరు? భయం ఒక్కటే కారణం కాదు, కానీ అదే పెద్ద కారణం. ఏడాది చివరి అప్రైజల్‌లో రేటింగ్ మేనేజర్ చేతిలో ఉంటుంది. ఆరింటికి బ్యాగు సర్దుకునే మనిషికి అంకితభావం లేదన్న ముద్ర పడుతుంది. ప్రాజెక్టు నుంచి విడుదల చేసి, పని ఇవ్వకుండా బెంచ్ మీద కూర్చోబెడితే తర్వాత ఏమవుతుందో తెలియదు. మానేద్దామంటే చాలాచోట్ల 90 రోజుల నోటీసు పీరియడ్, రిలీవింగ్ లెటర్ చేతికొస్తేనే కొత్త కంపెనీలో చేరిక. హోమ్‌లోన్ ఈఎంఐ కట్టే మనిషి ఇన్ని ముళ్లను దాటి ఓవర్‌టైమ్ గురించి నోరు విప్పడం కష్టం.

శరీరం మాత్రం ఆ గంటల్ని లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో కలిసి ప్రచురించిన అంచనా ప్రకారం, వారానికి 55 గంటలు లేదా అంతకు మించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోల్చి తేల్చిన అంకెలివి. సుదీర్ఘ పనిగంటల వల్ల వచ్చిన ఈ రెండు జబ్బులతో 2016 ఒక్క ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా 7,45,000 మంది చనిపోయారని ఆ అధ్యయనం అంచనా వేసింది.

ఈ లెక్కలు తెలిశాక 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ సహవ్యవస్థాపకుడు నారాయణమూర్తి దేశం కోసం యువత వారానికి 70 గంటలు పనిచేయాలని అన్న మాటను, 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ 90 గంటల గురించి అన్న మాటను వేరేగా చదవాల్సి వస్తుంది. చర్చంతా కష్టపడేతత్వం చుట్టూ, దేశభక్తి చుట్టూ తిరిగింది. 48 తర్వాతి 22 గంటలకు కూలి ఎవరిస్తారన్న ప్రశ్న మాత్రం చాలా కొద్దిమందే వేశారు. ఎనిమిది గంటల పనిదినం ఈ దేశానికి తేలిగ్గా దక్కలేదు. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొట్టమొదటి ఒప్పందంలో వారానికి 48 గంటల నియమం పెట్టినప్పుడు, బ్రిటిష్ ఇండియాకు మాత్రం 60 గంటలని విడిగా రాశారు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో బి.ఆర్. అంబేడ్కర్ కార్మిక శాఖ చూస్తున్న కాలంలో జరిగిన కృషి వల్ల 1946 ఫ్యాక్టరీల సవరణ చట్టంతో 48 గంటల వారం వచ్చింది. తర్వాత 1948 చట్టం దాన్ని స్థిరపరిచింది.

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అసలు కార్మికుడేనా అన్నది కోర్టుల దాకా వెళ్లిన ప్రశ్న. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 ఇచ్చిన నిర్వచనంలో, దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ నిర్వచనంలో కూడా శారీరక శ్రమతో పాటు నైపుణ్య, సాంకేతిక పని చేసేవాళ్లూ ఉన్నారు. జీతం ఎక్కువ అన్నంత మాత్రాన ఆ నిర్వచనం నుంచి బయటపడరు. నిజంగా నిర్వహణ బాధ్యత ఉన్నవాళ్లు, ఒక హద్దుకు మించి జీతం తీసుకునే పర్యవేక్షకులు మాత్రమే బయట ఉంటారు. విజిటింగ్ కార్డు మీద మేనేజర్ అని ఉన్నా చేసే పని కోడ్ రాయడమే అయితే చట్టం చూసేది ఆ పనినే. 2015లో ఒక పెద్ద ఐటీ కంపెనీ తొలగించిన ఇంజనీరును తిరిగి ఉద్యోగంలోకి తీసుకోవాలని చెన్నై లేబర్ కోర్టు 2022లో తీర్పు చెప్పింది. అతడు చేసింది సాంకేతిక పనే కాబట్టి కార్మికుడి నిర్వచనంలోకే వస్తాడన్నది ఆ తీర్పుకు ఆధారం.

యూనియన్ పెట్టుకోవడానికి కూడా అడ్డేమీ లేదు. 2025 నవంబరు దాకా ఉన్న ట్రేడ్ యూనియన్ల చట్టం, 1926 కింద లాగే, ఇప్పటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద కూడా ఏడుగురు కలిసి దరఖాస్తు చేయవచ్చు. రిజిస్ట్రేషన్‌కు ఆ సంస్థలో లేదా పరిశ్రమలో పదోవంతు మంది గానీ వందమంది గానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా ఉండాలి. కర్ణాటకలో 2017లో ఏర్పడిన ఐటీ ఉద్యోగుల యూనియన్ కేఐటీయూ దీని ఫలితం చూపించింది. 2024 జులైలో కర్ణాటక ప్రభుత్వం ముందుకు ఐటీ రంగంలో ఓవర్‌టైమ్‌తో కలిపి రోజుకు 14 గంటల దాకా పనికి వీలు కల్పించే ప్రతిపాదన వచ్చింది. పరిశ్రమ వర్గాల నుంచి ఒత్తిడి ఉందని కార్మిక మంత్రి సంతోష్ లాడ్ స్వయంగా చెప్పారు. యూనియన్ బెంగళూరులో ఆందోళనకు దిగింది, ఆ ప్రతిపాదన చట్టం కాలేదు. అలవాటుగా సాగిపోతున్న పద్నాలుగు గంటలకు చట్టం ముద్ర వేయడాన్ని ఉద్యోగులు కలిసి నిలబడి ఆపగలిగారు. హైదరాబాద్‌లో ఇంత పెద్ద పరిశ్రమ ఉండి కూడా అంత బలమైన సంఘం లేకపోవడం లోటే.

2025 నవంబరు 21 నుంచి కేంద్రం నాలుగు కార్మిక కోడ్‌లను అమల్లోకి తెచ్చింది. ఐటీ ఉద్యోగులకు ప్రతి నెలా 7వ తేదీలోగా జీతం అందాలని కేంద్రం అప్పుడే ప్రకటించింది. వాటిలో ఒకటైన వృత్తి భద్రత కోడ్ ప్రకారం ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం ఇవ్వాలి, పైగా ఓవర్‌టైమ్ చేయించడానికి కార్మికుడి సమ్మతి ఉండాలి. ఆఫీసు వేళ దాటాక ఫోన్లకు, మెయిళ్లకు జవాబివ్వకుండా ఉండే హక్కు కోసం ఎంపీ సుప్రియా సూలే 2025 డిసెంబరులో లోక్‌సభలో ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు. ఫ్రాన్స్‌లో ఇలాంటి హక్కు 2017 నుంచి ఉంది, ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టులో వచ్చింది.

ఈ బాధ ఒక్క మన దేశానిది కాదు. చైనాలో ఉదయం 9 నుంచి రాత్రి 9 దాకా, వారానికి ఆరు రోజులు పనిచేయించే పద్ధతికి 996 అని పేరు. 2019 మార్చిలో అక్కడి డెవలపర్లు కోడ్ పంచుకునే వేదిక గిట్‌హబ్‌లో 996.ఐసీయూ పేరుతో నిరసన మొదలుపెట్టారు. 996 చేస్తే చివరికి చేరేది ఐసీయూకేనని దాని అర్థం. 2021 ఆగస్టులో చైనా సుప్రీం పీపుల్స్ కోర్టు ఈ పద్ధతి చట్టవిరుద్ధమని తేల్చింది. అమెరికాలో దారి వేరు. గంటకు 27.63 డాలర్లు, లేదా నిర్ణీత వారపు జీతం అందుకునే ప్రోగ్రామర్లను అక్కడి ఓవర్‌టైమ్ చట్టం నుంచే మినహాయించారు. ఆ 27.63 అంకె దశాబ్దాలుగా మారలేదు. హెచ్-1బీ వీసా మీద వెళ్లిన తెలుగువాళ్లకు ఇది మరింత భారం. ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల్లో మరొకటి చూసుకోవాలి. ఆ గడువు తలమీద ఉండగా శని, ఆదివారాల పనికి ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టమే. అయితే ప్రాజెక్టు లేదని జీతం లేకుండా బెంచ్ మీద ఉంచడం అమెరికా చట్టం ప్రకారం నేరుగా ఉల్లంఘన. ఈ సంగతి తెలియక నెలల తరబడి జీతం వదులుకున్నవాళ్లు ఉన్నారు.

అక్కడా దావాలు వేసి సొమ్ము రాబట్టినవాళ్లు లేకపోలేదు. 2004లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీలో వీడియోగేమ్‌లు తయారుచేసే ఒక ఉద్యోగి జీవిత భాగస్వామి పేరు చెప్పకుండా రాసిన బహిరంగ లేఖ పరిశ్రమను కుదిపేసింది. ఓవర్‌టైమ్ ఇవ్వలేదన్న దావాల్లో ఆ కంపెనీ గ్రాఫిక్ కళాకారులకు 1.56 కోట్ల డాలర్లు, ప్రోగ్రామర్లకు 1.49 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడింది.

అసలు సమస్య మూలాన్ని సూటిగా తాకింది యూరప్. 2019 మే 14న యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం ఒక స్పెయిన్ కార్మిక సంఘం కేసులో తీర్పు చెబుతూ, ప్రతి ఉద్యోగి రోజుకు ఎన్ని గంటలు పనిచేశాడో కొలిచి నమోదు చేసే ఏర్పాటు యజమానే చేయాలంది. నమోదు లేకపోతే గరిష్ఠ పనిగంటల హక్కు కాగితం మీదే మిగిలిపోతుందన్నది దాని వాదం. స్పెయిన్ అదే నెలలో రోజువారీ నమోదును తప్పనిసరి చేసింది. 2022లో జర్మనీ ఫెడరల్ లేబర్ కోర్టు కూడా ఇదే బాధ్యతను యజమానుల మీద పెట్టింది.

హైదరాబాద్ ఆఫీసుల్లో ఈ నమోదుకు కొత్త యంత్రాలు అక్కర్లేదు. గేటు దగ్గర స్వైప్, వీపీఎన్ లాగిన్, కోడ్ దాచే రిపాజిటరీలో ప్రతి కమిట్ మీద పడే సమయం, మీటింగ్ ఆహ్వానాలు అన్నీ నిమిషాలతో సహా దాఖలై ఉన్నాయి. ఐడీ కార్డు ఆలస్యంగా స్వైప్ చేసిన రోజున సగం రోజు సెలవు కోసే వ్యవస్థ, రాత్రి పదకొండింటికి బయటికి వెళ్లిన స్వైప్‌ను కూడా చదవగలదు. ఆ లెక్కను జీతపు చీటీలో ఓవర్‌టైమ్ వరుసగా మార్చమని ఆదేశించే అధికారం కార్మిక శాఖకు ఉంది. అదనపు గంటలు చేయమని వచ్చిన మెయిళ్లు, పనివేళల సొంత లెక్క, జీతపు చీటీలు దాచుకున్న ఉద్యోగి ఆ శాఖకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. సంఘం తరఫున వెళ్తే ఒక్క మనిషి పేరు మేనేజర్ కంట పడకుండా మొత్తం ఆఫీసు పనిగంటల మీదే తనిఖీ కోరవచ్చు.