మీ పొగగొట్టం దులిపారా?

మామిడి కాపు దిగాక జి. కొండూరు ప్రాంతపు తోటల్లో కొమ్మలు నరుకుతారు. ఆ పచ్చి పుల్లలే పొయ్యిలోనికి చేరుట మేము గృహదర్శనాల్లో చూస్తున్నాము. 1999లో దీపం పథకంతో గ్యాసు వచ్చినా, నీళ్లు కాచుటకు కట్టెల పొయ్యి పోలేదు.

పచ్చికట్టె పొగ గొట్టంలో చల్లబడి జిడ్డుమసిగా అంటుకొంటుంది. దారి మూసుకుంటే పొగ వెనుదిరిగి తల్లుల కళ్లకు, పసిబిడ్డల ఊపిరికి హాని చేస్తుంది. రవ్వ తగిలితే ఆ మసే మండుతుంది. తాటాకు కప్పయితే చెప్పనక్కరలేదు. 1980లలో ప్రభుత్వం పంచిన పొగలేని పొయ్యిలు ఎన్నో ఇట్లు దులిపేవారు లేకనే మూలపడ్డాయి.

పొయ్యి పూర్తిగా ఆరాక, ముక్కుకు గుడ్డ కట్టుకొని, వెదురుకు గోనెపట్టా చుట్టి పైనుండి దులపండి. రోజూ వంట చేసేవారు నెలకొకసారి చేయాలి. పుల్లలను ఒక వేసవి ఎండనివ్వండి. నిప్పులుండగా తలుపులు బిగించి నిద్రించవద్దు. ఆ విషవాయువుకు వాసన ఉండదు.