పూచీ లేని కానుక

రథసప్తమికి అరసవల్లి వచ్చు యాత్రికుల కొరకు ఒక అచ్చుకూటమువారు వేయి కరపత్రములు ముద్రించిరనుకొందము. అక్షరములకు వారు ‘గిడుగు’ అను కంప్యూటరు ఫాంటును వాడిరి. ఈ సీమలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేర వెలసిన ఈ ఫాంటును పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించగా, సిలికానాంధ్ర సంస్థ ఎల్లరకును ఉచితముగా అందించినది. ముద్రణ ముగిసిన పిదప ఒక సంయుక్తాక్షరమున ఒత్తు కనబడలేదనుకొనుడు. ఇది కేవలము ఊహ; ఆ ఫాంటునకు దోషము నంటగట్టుట కాదు. కాగితము వృథాయైనది. నష్టమును భరింపవలసిన వారెవరు?

ఆ ఫాంటుతో పాటు ఒక అనుమతి పత్రము కలదు. 2007 నాటి ఆ పత్రము ప్రకారము ఫాంటు ఉన్నది ఉన్నట్లుగా ఇవ్వబడినది; దాతకు ఎట్టి పూచీయు లేదు. లైనక్సు మూలభాగమునకు వర్తించు 1991 నాటి జి.పి.ఎల్. రెండవ పాఠమందును ఇట్టి నిబంధనయే యున్నది.

ఇంతగా చెప్పనేల? అమ్మకమున వర్తకుడు నోరు విప్పకున్నను చట్టమే కొన్ని హామీలను చేర్చును. మన 1930 నాటి సరకుల విక్రయచట్టము 16వ సెక్షను ప్రకారము, కొనువాడు తన అవసరమును తెలిపి, అట్టి సరకుల నమ్ము వర్తకుని నేర్పును నమ్మి కొన్నచో, సరకు ఆ పనికి తగియుండవలెను. ఉభయులును స్పష్టముగా ఒప్పుకొన్నచో ఇట్టి హామీని తొలగింపవచ్చునని 62వ సెక్షను చెప్పుచున్నది. అమెరికా వాణిజ్యస్మృతి ప్రకారము అట్టి తొలగింపు కంటికి కొట్టవచ్చినట్లుండవలెను. ఆంగ్లపత్రములలో ఈ భాగము పెద్దబడి అక్షరములలో నుండుటకు కారణమిదియే.

వెల పుచ్చుకొనువాడు రాబోవు నష్టమును వెలలోనే కలుపుకొనగలడు. వెల లేని దాతకు ఆ వీలు లేదు. ఎక్కడివారికి కలిగిన నష్టమునకైనను అతడే బాధ్యుడైనచో, ఇచ్చుటయే మానుకొనును. వెల పెట్టి కొన్న సాఫ్ట్‌వేరు పత్రములలోను ఇట్టి వాక్యములు తరచుగా కనబడును గనుక, దీనిని నాసిరకమునకు గుర్తుగా నెంచరాదు. పైగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును పరిశీలించుటకు, సరిదిద్దుటకు మనకు హక్కు కలదు. కోరినవారికి రుసుము పుచ్చుకొని పూచీ నిచ్చుటకు జి.పి.ఎల్. అనుమతించుచున్నది. దాత చెప్పిన మినహాయింపు కూడ చట్టమంగీకరించునంతవరకే చెల్లును.

అయితే ఒక సంగతి మరువరాదు. ఆ పత్రము ఫాంటు దాతకును అచ్చుకూటమునకును నడుమనే. డబ్బిచ్చి కరపత్రములు వేయించుకొన్న భక్తునకు దానితో సంబంధము లేదు. అతనికి జవాబు చెప్పవలసినవారు అచ్చుకూటమువారే. కావున వేయి ప్రతులు వేయుటకు ముందు ఒక ప్రతిని తీసి, ‘లక్ష్మి’, ‘శాస్త్రము’, ‘ఊర్ధ్వము’ వంటి మాటలలో ఒత్తులు సరిగా పడినవో లేదో చూచుకొనుట మేలు. కానుకను కృతజ్ఞతతో స్వీకరింపవచ్చును. పరీక్ష మాత్రము మన పని.